కమాండ్ లైన్ నుంచి చేత్తో ఈమెయిల్ పంపడం ఎలా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఆఫీసు గదిలో ఎవరికీ తీరిక ఉండదు. లారీ కాంటా దిగేలోపు బిల్లు తయారు కావాలి, లోడు గేటు దాటేలోపు ఆ బిల్లు కొన్నవారికి ఈమెయిల్‌లో చేరాలి. అలాంటి ఒక రోజు, నేను కంప్యూటర్లు చూసే ఒక మిల్లులో బిల్లింగ్ ప్రోగ్రాం ఒకే ఒక్క వ్యాపారికి మెయిల్ పంపలేకపోయింది. ఇంటర్నెట్ ఉంది, పాస్‌వర్డ్ మారలేదు, మిగతా వారందరికీ బిల్లులు వెళుతూనే ఉన్నాయి. ప్రోగ్రాం మాత్రం "మెయిల్ వెళ్లలేదు" అన్న ఒక్క మాట తప్ప కారణం చెప్పదు. నిజానికి కారణాన్ని మెయిల్ సర్వర్ ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. మధ్యలో ఉన్న ప్రోగ్రాం దాన్ని మనదాకా రానివ్వదు. ఆ మధ్యవర్తిని పక్కన పెట్టి సర్వర్‌తో నేరుగా మాట్లాడటం ఎలాగో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చుక్కలు, కోణపు బ్రాకెట్లు, అంకెలు మాత్రం ఇక్కడ కనిపించినట్టే ఉండాలి.

చేత్తో మెయిల్ పంపడం సాధ్యం కావడానికి కారణం, సర్వర్లు మాట్లాడుకునే ఎస్‌ఎంటీపీ అనే భాష మనుషులు చదవగలిగే మామూలు మాటలతో తయారు కావడమే. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంగా దాన్ని రాశారు. దాన్ని దిద్దుతూ తరువాత వచ్చిన పత్రాల్లో ఒకటి 2008 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321. ఈ మధ్యకాలంలో భద్రత కోసం చాలా పొరలు చేరాయి కానీ, లోపలి సంభాషణ మాత్రం అప్పటిదే. మీరు ఒక వాక్యం పంపుతారు, సర్వర్ మూడంకెల సంఖ్యతో జవాబు ఇస్తుంది, ఆ జవాబు చూసిన తరువాతే మీరు రెండో వాక్యం పంపుతారు.

మొదటి అభ్యాసం మీ సొంత మెషీన్‌లోనే

అసలు ఖాతాతో, అసలు సర్వర్‌తో మొదలుపెట్టకండి. ఉబుంటు ఉన్న ఒక కంప్యూటర్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌ను వేసుకుంటే, పాస్‌వర్డ్ లేకుండా, బయటి నెట్‌వర్క్‌తో పని లేకుండా ఎన్నిసార్లయినా సాధన చేయవచ్చు. కమాండ్లు కొట్టే కిటికీ అయిన టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి.

సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ పోస్ట్‌ఫిక్స్

మధ్యలో ఏ రకం ఏర్పాటు కావాలని అది అడిగినప్పుడు "లోకల్ ఓన్లీ" అన్నదాన్ని ఎంచుకోండి. అప్పుడు అది ఆ మెషీన్‌లోని వాడుకరుల మధ్య మాత్రమే ఉత్తరాలు పంచుతుంది. పూర్తయిన తరువాత సర్వర్ తలుపు తట్టండి.

టెల్నెట్ లోకల్‌హోస్ట్ 25

టెల్నెట్ అన్నది సర్వర్‌తో నేరుగా టైప్ చేసి మాట్లాడే ప్రోగ్రాం, లోకల్‌హోస్ట్ అంటే మీ మెషీనే. 25 అన్నది ఉత్తరాలు తీసుకోవడానికి సర్వర్లు తెరిచి ఉంచే పోర్టు సంఖ్య. వెంటనే 220 తో మొదలయ్యే ఒక వరుస కనిపించాలి. అది సర్వర్ ఇచ్చే పలకరింపు. అది వచ్చేదాకా మీరు ఏమీ కొట్టకూడదు. వచ్చాక మీరెవరో చెప్పుకోవాలి.

ఇహెచ్‌ఎల్‌ఓ లోకల్‌హోస్ట్

దీనికి సర్వర్ ఒకే వరుసలో కాక, 250 తో మొదలయ్యే చాలా వరుసల్లో జవాబు ఇస్తుంది. తనకు ఏయే పనులు వచ్చో అందులో చెబుతుంది. 250 తరువాత చిన్న గీత ఉంటే ఇంకా వరుసలు రాబోతున్నాయని, ఖాళీ ఉంటే అదే చివరిదని అర్థం. ఈ జాబితాను దాటవేయకుండా చదవండి. 8బిట్‌మైమ్ అన్న మాట అందులో ఉందా లేదా అన్నది తెలుగులో రాసేవారికి తరువాత అవసరపడుతుంది.

ఇప్పుడు కవరు మీది వివరాలు ఇవ్వాలి.

మెయిల్ ఫ్రమ్:<బిల్లు@లోకల్‌హోస్ట్>
ఆర్‌సీపీటీ టు:<మీ యూజర్ పేరు@లోకల్‌హోస్ట్>

కోలన్ తరువాత ఖాళీ వదలకూడదు. కొన్ని సర్వర్లు ఆ ఖాళీని సహిస్తాయి, కొన్ని సహించవు. రెండింటికీ 250 జవాబు రావాలి. ఇక్కడే ఒకసారి కావాలనే తప్పు చేసి చూడండి. ఆ మెషీన్‌లో లేని పేరును ఆర్‌సీపీటీ వరుసలో ఇస్తే, అలాంటి వాడుకరి లేడని 550 వస్తుంది. తప్పుడు చిరునామాను సర్వర్ ఎలా తిరస్కరిస్తుందో ఒకసారి కళ్లారా చూసినవారు తరువాత ఆ సంఖ్యను మరిచిపోరు. కనెక్షన్ తెగదు కాబట్టి సరైన పేరుతో మళ్లీ అదే వరుస కొట్టవచ్చు. అంతా మొదటికి తెచ్చుకోవాలంటే "ఆర్‌సెట్" అని కొట్టండి. ఆ కమాండ్‌లో ఉండేవి ఆర్, ఎస్, ఇ, టీ అన్న నాలుగు అక్షరాలే.

వరుస కొడుతుండగా తప్పు పడితే, వెనక్కి చెరిపి దిద్దే ప్రయత్నం చేయకండి. కొన్ని టెల్నెట్ ప్రోగ్రాంలలో, ముఖ్యంగా విండోస్‌లో, చెరిపిన అక్షరం కూడా సర్వర్‌కు చేరిపోతుంది. ఎంటర్ నొక్కి, తప్పు కమాండ్ అన్న జవాబు తీసుకొని, ఆ వరుసను మొదటి నుంచి కొట్టడమే సురక్షితం.

ఇక ఉత్తరం రాయాలి.

డేటా

సర్వర్ 354 అంటుంది. అంటే, రాయండి, అయిపోయిందని చెప్పడానికి ఒక వరుసలో ఒకే ఒక్క చుక్క పెట్టండి అని అర్థం. అప్పుడు ఇలా కొట్టండి.

ఫ్రమ్: <బిల్లు@లోకల్‌హోస్ట్>
టు: <మీ యూజర్ పేరు@లోకల్‌హోస్ట్>
సబ్జెక్ట్: లోడు 14
డేట్: వారం పేరు, తేదీ నెల సంవత్సరం సమయం +0530

లోడు బయలుదేరింది. కాంటా చీటీ లారీతో ఉంది.
.

ఫ్రమ్, టు, సబ్జెక్ట్, డేట్ అనే తలవరుసలకూ ఉత్తరానికీ మధ్య ఒక ఖాళీ వరుస తప్పకుండా ఉండాలి. అది మరిచిపోతే మీ మొదటి వాక్యాన్ని కూడా సర్వర్ తలవరుసగానే చూడవచ్చు, ఉత్తరం ఖాళీగా చేరవచ్చు. తేదీ వరుసలో వారం, నెల పేర్లు ఇంగ్లీషులో మూడేసి అక్షరాలతో ఉండాలి. చివరన ఉన్న +0530 మన దేశ కాలమానం. ఉత్తరంలోని ఏదైనా వరుస చుక్కతోనే మొదలుకావలసి వస్తే అక్కడ రెండు చుక్కలు పెట్టండి, సర్వర్ ఒకదాన్ని తీసేస్తుంది.

చివరి చుక్క తరువాత వచ్చే 250 మొత్తం సంభాషణలో అత్యంత విలువైన జవాబు. ఆ జవాబుతో ఉత్తరం బాధ్యత మీ చేతుల నుంచి సర్వర్ చేతుల్లోకి పోతుంది. పోస్ట్‌ఫిక్స్ ఆ వరుసలోనే క్యూ సంఖ్య, అంటే ఆ ఉత్తరానికి తాను పెట్టుకున్న గుర్తింపు, కూడా ఇస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. తరువాత ఎవరైనా "నాకు మెయిల్ రాలేదు" అంటే, ఆ సంఖ్యతో సర్వర్ లాగ్‌లో వెతికి అది ఎక్కడిదాకా పోయిందో చూడవచ్చు. "క్విట్" అని కొట్టి, 221 చూసి బయటికి రండి. "క్యాట్ /వార్/మెయిల్/మీ యూజర్ పేరు" అనే కమాండ్‌తో మీకు మీరు పంపుకున్న ఉత్తరాన్ని చదవండి.

కవరు వేరు, ఉత్తరం వేరు

మీరు పంపేవారి, అందుకునేవారి చిరునామాలను రెండుసార్లు రాశారని గమనించే ఉంటారు. డేటాకు ముందు ఒకసారి, డేటా లోపల ఒకసారి. ఇది అనవసరపు పునరుక్తి అని చాలామంది అనుకుంటారు. పెండ్లి పత్రిక పంచేటప్పుడు మన ఇళ్లలో జరిగేది గుర్తు చేసుకోండి. లోపలి పత్రిక అందరికీ ఒకటే అచ్చు. కవరు మీద మాత్రం ఎవరింటి పేరు వాళ్లకు పెన్నుతో రాస్తాం. పంచేవారు చూసేది కవరు మీది పేరునే, లోపల ఏముందో వారికి అక్కరలేదు. మెయిల్ సర్వర్ కూడా అంతే. ఉత్తరం ఎక్కడికి చేరాలో నిర్ణయించేది ఆర్‌సీపీటీ వరుస మాత్రమే. లోపల "టు" అని రాసినది చదివేవారి కంటికోసం.

మిగతావారికి పేరు కనిపించకుండా ఒకరికి ప్రతి పంపే బీసీసీ ఎలా పనిచేస్తుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఒకే ఉత్తరానికి ఆర్‌సీపీటీ వరుసను మూడుసార్లు మూడు చిరునామాలతో ఇచ్చి, లోపలి తలవరుసల్లో ఒక్కరి పేరే రాస్తే, మిగతా ఇద్దరూ బీసీసీలో ఉన్నట్టే. దొంగ మెయిళ్లు మన బ్యాంకు పేరుతో ఎలా వస్తాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. లోపలి "ఫ్రమ్" వరుసలో ఏదైనా రాయడానికి ఈ భాష మొదటి నుంచీ అడ్డు చెప్పలేదు. ఆ లోటును పూడ్చడానికే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే తనిఖీలు తరువాత వచ్చాయి. మీరు ఈ సాధనను మీ సొంత చిరునామాలతో మాత్రమే చేయండి. వేరొకరి పేరు పెట్టుకొని కంప్యూటర్ ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం.

అసలు సర్వర్‌తో మాట్లాడటం

ఇంటి కనెక్షన్ నుంచి 25వ పోర్టు మీద బయటి సర్వర్లకు నేరుగా పంపే ప్రయత్నం చేయకండి. చాలా ఇంటర్నెట్ సంస్థలు ఆ పోర్టును మూసి ఉంచుతాయి, తెరిచి ఉన్నా ఇంటి చిరునామా నుంచి వచ్చిన ఉత్తరాన్ని పెద్ద సర్వర్లు నమ్మవు. ఖాతాదారులు ఉత్తరాలు అప్పగించడానికి 587, 465 అనే వేరే పోర్టులు ఉన్నాయి. 465లో మొదటి క్షణం నుంచే సంభాషణ గుప్తంగా సాగుతుంది, 587లో మామూలుగా మొదలై స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే కమాండ్ తరువాత గుప్తమవుతుంది. గుప్తభాష టెల్నెట్‌కు రాదు కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాం వాడాలి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్ -క్వైట్ -సీఆర్‌ఎల్‌ఎఫ్ -కనెక్ట్ ఎస్‌ఎంటీపీ.జీమెయిల్.కామ్:465

587 అయితే చివరి సంఖ్య మార్చి, "-స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎస్‌ఎంటీపీ" అన్నది కలపండి. సీఆర్‌ఎల్‌ఎఫ్ అన్నది ప్రతి వరుస చివర ఎస్‌ఎంటీపీ కోరే రెండు అక్షరాల ముగింపును పంపిస్తుంది. క్వైట్ అన్నది సర్టిఫికెట్ల వివరాలతో తెర నిండకుండా చూస్తుంది కానీ, దాని అసలు ఉపయోగం వేరే ఉంది. అది లేకపోతే, పెద్ద ఆర్ అక్షరంతో మొదలయ్యే వరుసను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సర్వర్‌కు పంపదు, గుప్తభాషను మళ్లీ కుదుర్చుకొమ్మని తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకుంటుంది. ఆర్‌సీపీటీ సరిగ్గా ఆ అక్షరంతోనే మొదలవుతుంది. పెద్ద క్యూ అక్షరంతో మొదలయ్యే వరుస కనెక్షన్‌ను తెంచేస్తుంది. "మెయిల్ ఫ్రమ్ దాకా బాగానే పోయింది, ఆర్‌సీపీటీ దగ్గర ఆగిపోయింది" అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఇదే. క్వైట్ పెట్టండి, లేదా ఆ కమాండ్‌ను చిన్న అక్షరాల్లో కొట్టండి. ఎస్‌ఎంటీపీకి చిన్నా పెద్దా ఒకటే.

పలకరింపు, ఇహెచ్‌ఎల్‌ఓ అయిన తరువాత, ఇక్కడ కొత్తగా చేరేది గుర్తింపు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండింటినీ బేస్64 అనే రూపంలోకి మార్చి ఒకే వరుసలో ఇవ్వాలి. దానికోసం వేరే టెర్మినల్‌లో ఈ కమాండ్ కొట్టండి.

ప్రింట్‌ఎఫ్ '\0%ఎస్\0%ఎస్' 'మీ చిరునామా' 'పాస్‌వర్డ్' | బేస్64 -డబ్ల్యూ0

ఈ వరుసలో ప్రతి గుర్తుకూ కారణం ఉంది. ప్రింట్‌ఎఫ్ బదులు ఎకో వాడితే చివర కొత్త వరుస అక్షరం ఒకటి చేరి, పాస్‌వర్డ్ తప్పుగా మారిపోతుంది. ఆ ఒక్క అక్షరం వల్ల నేను ఒకసారి ఒక మధ్యాహ్నమంతా పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చున్నాను. పేరును నేరుగా \0 పక్కనే రాస్తే, అది అంకెతో మొదలైన పక్షంలో ఆ అంకెలు సున్నాతో కలిసి వేరే అక్షరంగా మారుతాయి, అందుకే %ఎస్ వాడుతున్నాం. డబ్ల్యూ0 లేకపోతే 76 అక్షరాల దగ్గర వరుస విరుగుతుంది. కమాండ్ ముందు ఒక ఖాళీ వదిలితే ఉబుంటు దాన్ని చరిత్రలో దాచుకోదు. పాస్‌వర్డ్ ఉన్న కమాండ్‌కు ఇది తప్పనిసరి. వచ్చిన అక్షరాల వరుసను కాపీ చేసి, సర్వర్ ఉన్న టెర్మినల్‌లో ఇలా ఇవ్వండి.

ఆథ్ ప్లెయిన్ కాపీ చేసిన వరుస

235 వస్తే లోపలికి వచ్చినట్టు, 535 వస్తే గుర్తింపు కుదరనట్టు. బేస్64 తాళం కాదు. ఎవరైనా ఒక్క కమాండ్‌తో దాన్ని తిరిగి చదవగలరు. కాబట్టి ఆ వరుసను స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపకండి. జీమెయిల్‌కు మీ మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు. 2022 మే 30 నుంచి ఆ దారిని గూగుల్ మూసివేసింది. ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్‌ను తీసుకొని, దానిలోని ఖాళీలు తీసేసి వాడాలి. ఆపైన మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ, డేటా అన్నీ మీరు నేర్చుకున్న విధంగానే సాగుతాయి. సర్వర్లు ఒక్కో కమాండ్ కోసం సాధారణంగా అయిదు నిమిషాలు ఎదురుచూస్తాయి కాబట్టి ఉత్తరాన్ని ముందే ఒక ఫైల్‌లో రాసి పెట్టుకొని అతికించండి.

తెలుగులో రాసేవారికి

ఉత్తరం తెలుగులో ఉంటే తలవరుసల్లో మరో మూడు చేర్చాలి.

మైమ్-వెర్షన్: 1.0
కంటెంట్-టైప్: టెక్స్ట్/ప్లెయిన్; చార్‌సెట్=యూటీఎఫ్-8
కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్: 8బిట్

ఇవి లేకపోతే అందుకున్నవారి తెర మీద అక్షరాలు చిందరవందరగా కనిపించే అవకాశం ఉంది. ఇహెచ్‌ఎల్‌ఓ జవాబులో 8బిట్‌మైమ్ ఉన్నప్పుడు మాత్రమే ఇలా పంపండి. ఒక వరుస 998 బైట్లు దాటకూడదన్న నియమం కూడా ఉంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. అంటే ఎంటర్ నొక్కకుండా 332 గుర్తుల కంటే ఎక్కువ రాస్తే నియమం దాటినట్టే. ఇంగ్లీషువారికి పెద్ద పేరా పట్టే చోటు మనకు మూడోవంతే.

సబ్జెక్ట్ వరుసలో తెలుగును నేరుగా రాయకూడదు. దాన్ని బేస్64లోకి మార్చి, =?యూటీఎఫ్-8?బి? అన్నదానికీ ?= అన్నదానికీ మధ్యన పెట్టాలి. ఒక్కో ముక్క మొత్తం 75 అక్షరాలు దాటకూడదు కాబట్టి ఒక ముక్కలో 15 తెలుగు గుర్తులు మాత్రమే పడతాయి. "నల్గొండ" అన్న మాటను లెక్కించండి: న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ. ఏడు గుర్తులు, 21 బైట్లు, బేస్64లో సరిగ్గా 28 అక్షరాలు. బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది, మన ఒక్కో గుర్తు సరిగ్గా మూడు బైట్లు. అందువల్ల ఖాళీలు లేని తెలుగు మాటలో ప్రతి గుర్తూ చక్కగా నాలుగు అక్షరాలవుతుంది, ప్రతి నాలుగూ 4, ఎల్ అన్న జంటతో మొదలై, మూడో చోట సీ గానీ జీ గానీ ఉంటుంది. సర్వర్ లాగ్‌లో ఆ జంట, దాని పక్కనే సీ గానీ జీ గానీ మళ్లీ మళ్లీ కనిపిస్తే, అది తెలుగు మాట అని మీరు విప్పి చూడకుండానే చెప్పగలరు. మధ్యలో ఖాళీ వస్తే మాత్రం ఆ వరుస జరిగిపోతుంది.

జవాబులోని మొదటి అంకె

2 అయితే పని జరిగింది, 3 అయితే ఇంకా చెప్పమంటోంది, 4 అయితే ఇప్పుడు కుదరదు తరువాత రమ్మంటోంది, 5 అయితే ఈ రూపంలో ఎప్పటికీ కుదరదంటోంది. 450, 451 చూసి కంగారు పడనక్కరలేదు. కొత్తగా వచ్చినవారిని కొన్ని సర్వర్లు కావాలనే కాసేపు ఆపి, మళ్లీ వస్తే తీసుకుంటాయి. 503 అంటే వరుస తప్పింది, బహుశా మెయిల్ ఫ్రమ్ ఇవ్వకుండా ఆర్‌సీపీటీ ఇచ్చారు. 530 అంటే గుర్తింపు ఇవ్వలేదు. 552 చాలాసార్లు ఉత్తరం పరిమాణం గానీ అందుకునేవారి పెట్టె పరిమితి గానీ దాటిందని చెబుతుంది. "రిలే యాక్సెస్ డినైడ్" అన్న మాటతో 454 గానీ 554 గానీ వస్తే, తనది కాని చిరునామాకు ఉత్తరం చేరవేయమని మీరు ఒక అపరిచిత సర్వర్‌ను అడుగుతున్నారు. సంఖ్య పక్కన ఉండే వాక్యాన్ని కూడా పూర్తిగా చదవండి, చాలాసార్లు పరిష్కారం అందులోనే ఉంటుంది.

మిల్లు బిల్లుల సంగతి ఇలాగే తేలింది. ఆ వ్యాపారి చిరునామాను నేను చేత్తో కొట్టినప్పుడు సర్వర్ 250 ఇచ్చింది, చుక్క పెట్టాక ఉత్తరాన్ని కూడా తీసుకుంది. అంటే సర్వర్‌లో గానీ ఖాతాలో గానీ లోపం లేదు. అదే చిరునామాను బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి కాపీ చేసి ఆర్‌సీపీటీ వరుసలో అతికిస్తే 501 వచ్చింది. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా నమోదు చేసిన ఆ చిరునామాలో, పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా మనం వాడే కనిపించని గుర్తు ఒకటి చేరింది. చిరునామాను చెరిపి మళ్లీ కొట్టగానే ఆ రోజు ఆగిన బిల్లులన్నీ వెళ్లాయి. మీరు కూడా ప్రోగ్రాంలో ఉన్న చిరునామాను ఒకసారి అతికించి, ఒకసారి స్వయంగా కొట్టి, రెండు జవాబులను పోల్చి చూడండి.

పని పూర్తయ్యాక "క్విట్" కొట్టి 221 చూసి బయటికి రండి, బేస్64 వరుస ఉన్న టెర్మినల్‌ను మూసేయండి, ఈ పరీక్ష కోసమే తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌ను ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి అదే రోజు తొలగించండి.